చూచిరాత ఒక్కటే చాలదు

రావులపాలెం అరటి మార్కెట్‌కు చుట్టుపక్కల లంకల నుంచి గెలలు వస్తాయి. ఆ ఊళ్లో ఒకటో తరగతి పిల్లవాడు కర్పూర అరటికీ చక్కరకేళికీ తేడా చూడగానే చెప్పేస్తాడు. వరదొస్తే తోటలు ఏమవుతాయో ఇంట్లో పెద్దలు అనుకుంటుంటే వింటూనే ఉంటాడు. చెప్పమంటే గుక్క తిప్పుకోడు. రాయమంటే మాత్రం ‘క’ గుణింతం రాస్తాడు, లేదా వాచకంలో పాఠం చూసి దించుతాడు. వాడికి తెలిసిన సంగతి వాడి మాటల్లోనే రాయమని అడిగేవాళ్లు తక్కువ. మన బడుల్లో రాత నేర్పడంలో అసలు లోటు ఇదే.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. కర్ణాటకలోని యాద్గిర్, మహారాష్ట్రలోని వాడా ప్రాంతాల్లో పరిశోధకురాలు శైలజా మీనన్ బృందం కొన్నేళ్లపాటు బడిపిల్లల వెంట నడిచి, చదువూ రాతా ఎలా అబ్బుతున్నాయో గమనించింది. తరగతి గదిలో రాతంటే చాలావరకు చూసి దించడమేనని, సొంతరాతకు చోటు బహు తక్కువని తేల్చింది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. అక్కడి మాట మనకూ వర్తిస్తుంది.

కన్నడ పిల్లల మీదే సొనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. ఇంగ్లిషుకు ఇరవయ్యారు అక్షరాలు. మన లిపుల్లో గుణింతాలూ వత్తులూ కలిస్తే రూపాలు వందల్లోకి వెళ్తాయి. అందుకే అక్షరాలన్నీ పట్టుబడటానికి ప్రాథమిక పాఠశాలలో ఏళ్లే పడతాయని ఆమె చూపించారు. తెలుగులో గుడి వస్తే తలకట్టు పోతుంది. వత్తుల్లో కొన్ని అక్షరం కింద కూర్చుంటాయి, కొన్ని కుడిపక్కకు ఒదుగుతాయి, క్రావడి ఎడమ నుంచి చుట్టుకొస్తుంది. ఇదంతా యూకేజీ దాటేలోగా వచ్చేయాలని మనం పసివేళ్లను తొందరపెడుతున్నాం. అది అన్యాయం.

పాతకాలపు బడి ఈ విషయంలో కొంత నయం. బడుల స్థితిపై జరిగిన విచారణకు 1823లో బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ పంపిన నివేదికలో పిల్లలు మొదట ఇసుకలో వేలితో రాస్తూనే అక్షరాలు నేర్చేవారని ఉంది. అదే విచారణలో మన రాజమండ్రి జిల్లా నుంచి 291 బడుల లెక్క వెళ్లింది. అంతకు ముందే మద్రాసులో అనాథల బడి నడిపిన ఆండ్రూ బెల్ అక్కడి ఇసుకరాతను చూసి ముచ్చటపడి, దాన్ని తన బడిలో పెట్టి, ఆ పద్ధతి గురించి 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేయించాడు. ఇంగ్లండు బడుల్లోకి ఇసుకపళ్లేలు అలా చేరాయి. అయితే పిల్లలు అర్థం తెలియకుండానే పద్యాలు వల్లిస్తున్నారని క్యాంప్‌బెల్ అప్పుడే నొచ్చుకున్నాడు. ఆ జబ్బు ఇంకా మనల్ని వదల్లేదు.

అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో కారిన్ జేమ్స్ 2012లో ప్రచురించిన పరిశోధన ప్రతి ఎల్‌కేజీ టీచరుకూ తెలియాలి. ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లలతో అక్షరాలను కొన్ని స్వయంగా రాయించారు, కొన్ని గీతల మీద దిద్దించారు, కొన్ని కీబోర్డు మీద కొట్టించారు. తర్వాత అవే అక్షరాలు చూపిస్తూ మెదడును స్కాన్ చేశారు. చదివేటప్పుడు పనిచేసే భాగాలు బాగా చురుకైంది స్వయంగా రాసిన అక్షరాలకే. పిల్లవాడు రాసిన ప్రతి ‘అ’ ఒక్కో రకంగా వంకర పోతుంది. ఆ వంకరలన్నీ ఒకే అక్షరమని మెదడు గ్రహించడంలోనే నేర్పు ఉందని ఆమె వివరణ. అవి ఇంగ్లిషు అక్షరాలే అయినా, చుక్కలు కలిపించే వర్క్‌బుక్కులు కట్టలకొద్దీ కొనేముందు మనం ఆలోచించాలి.

అలాగని చేతిరాత సాధన అక్కర్లేదని కాదు. అక్షరం కోసం చెయ్యి తడుముకుంటుంటే ఆలోచన అక్కడే ఆగిపోతుంది. చేతిరాతను పద్ధతిగా నేర్పిన చోట పిల్లలు రాసే వ్యాసాలు కూడా మెరుగయ్యాయని స్టీవ్ గ్రహమ్, తాన్యా సాంటాంజెలో 2016లో ఎన్నో పరిశోధనలు క్రోడీకరించి చెప్పారు. కావలసింది ముత్యాల్లాంటి దస్తూరీ కాదు, తడబడకుండా సాగే రాత. అమెరికా విద్యాశాఖ 2012లో ఇచ్చిన మార్గదర్శిని ఒకటో తరగతి నుంచి రోజూ గంటసేపు రాతకు కేటాయించమంది. అందులో సగం నేర్పడానికి, సగం పిల్లలు సొంతంగా రాసుకోవడానికి.

మన బడిలో గంట కుదరకపోవచ్చు. అరగంట కుదురుతుంది. పావుగంట అక్షరాల సాధన, పావుగంట సొంతరాత. ‘మా నాన్న గెల తెచాడు’ అని ఒక పిల్ల రాస్తే చ వత్తు లేదని కొట్టేయకండి. చెవితో విన్నదాన్ని అక్షరాల్లో పెట్టడం ఆ పిల్లకు వచ్చేసింది, మిగిలింది వత్తు ఒక్కటే. దాన్ని మర్నాడు బోర్డు మీద అందరికీ నేర్పవచ్చు. తప్పు రాశారని పదిసార్లు ఇంపోజిషన్ వేస్తే మాత్రం పిల్లలు తెలిసిన నాలుగు మాటలే రాస్తారు, కొత్తమాట జోలికి పోరు.

ఉపాధ్యాయులకూ అమ్మానాన్నలకూ నా విన్నపం ఇదే. ఈసారి పిల్లల నోటుపుస్తకం తెరిచినప్పుడు అందులో వాళ్ల సొంత వాక్యం ఒక్కటైనా ఉందేమో చూడండి. లేకపోతే ఇవాళే ఒకటి రాయించండి. దిద్దేముందు దాన్ని పైకి చదివి, వాళ్లు చెప్పిన సంగతి గురించి ఒక ప్రశ్న అడగండి.