చీకట్లో నంబరు చదివే కన్ను

కారు అద్దానికి అతికించిన కెమెరా పగలంతా బుద్ధిగా అన్నీ చూస్తుంది. తీరా రాత్రిపూట అవసరం పడితే గుద్దిన బండి కనిపిస్తుంది... నంబరు మాత్రం కనిపించదు! డ్యాష్‌క్యామ్‌ల ఈ రేచీకటికి ఇప్పుడు మందు దొరికింది. దాని పేరు కొత్తతరం ఇమేజ్ సెన్సర్.

రాత్రి పది దాటాక కొల్లూరు నుంచి తెనాలి వైపు బండి నడిపినవాళ్లకు ఆ దారి సంగతి చెప్పనక్కర్లేదు. ఊరు దాటితే వీధిదీపం ఉండదు. ఓ పక్క కాలువ, మరోపక్క పొలం. లంకల నుంచి అరటిగెలల లోడుతో వచ్చే మినీ లారీలు, ఇటుకలు వేసుకుని వెనక ఎర్రదీపమైనా లేకుండా పోయే ట్రాక్టరు ట్రక్కులు. ఎదురుగా వచ్చేవాడు లైటు డిమ్ చెయ్యడు. సంక్రాంతి ముందు రోజులైతే వీటికి తోడు కృష్ణ ఒడ్డున తెల్లవారుజామున కమ్ముకునే మంచు. (అన్నట్టు, కోహినూర్ కథల్లో వినిపించే కొల్లూరు ఇది కాదు. ఆ వజ్రాల కొల్లూరు పల్నాడు వైపుది. ఇది 2022 వరకూ గుంటూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న కొల్లూరు.)

ఇలాంటి చోట ఏ బండైనా ఢీకొట్టి ఆగకుండా పోతే సాక్షి ఎవరు? వెనక వస్తున్న కారులో డ్యాష్‌క్యామ్ ఉంటే అదే సాక్షి. కానీ ఆ సాక్షికి నంబరు చదవడం రావాలి కదా!

నంబరు ఖరీదెంత?

చాలామందికి తెలియని లెక్క ఒకటుంది. గుద్దిన వాహనం ఏదో తేలితే బాధిత కుటుంబం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. చనిపోయిన మనిషి వయసు, సంపాదన, అతని మీద ఆధారపడినవారు... ఇవన్నీ చూసి పరిహారం నిర్ణయిస్తారు. ఆ వాహనానికి బీమా ఉంటే కంపెనీ చెల్లిస్తుంది. ఇంటికి ఆధారమైన మనిషి పోతే ఆ మొత్తం చాలా లక్షలే అవుతుంది. అదే వాహనం ఏదో తెలియకపోతే? మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద ‘హిట్ అండ్ రన్’ సాయం ఒక్కటే దిక్కు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం అది ప్రాణం పోతే 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. అంతకుముందు మరీ దారుణం... 25 వేలు, 12,500.

అంటే నంబరు పలక మీది నాలుగంకెలు కెమెరాకు దొరికాయా లేదా అన్నదాన్ని బట్టి ఒక కుటుంబం బతుకు మారిపోవచ్చు. డ్యాష్‌క్యామ్ నాణ్యత గురించి మాట్లాడాలంటే మొదట చూడాల్సింది ఇదే. సినిమాలా అందంగా తీస్తోందా అన్నది తర్వాతి మాట.

అర మీటరు పరుగు

రాత్రి వీడియోలో అంకెలు ఎందుకు అలుక్కుపోతాయి? వెలుతురు తక్కువైతే కెమెరా ఒక్కో బొమ్మకు ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచాలి. సెకనులో ముప్ఫయ్యో వంతు అనుకోండి. చాలా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ మన బండికన్నా గంటకు 60 కిలోమీటర్ల ఎక్కువ వేగంతో పక్కనుంచి దాటిపోయే కారు ఆ కాస్త సమయంలోనే 55 సెంటీమీటర్లు జరుగుతుంది. కారు నంబరు పలక పొడవే 50 సెంటీమీటర్లు! దాని మీది అక్షరం గీత మందం ఒక సెంటీమీటరు. ఇక చదివేదేముంది? అదే సెకనులో వెయ్యో వంతు మాత్రమే కన్ను తెరిస్తే కారు జరిగేది సెంటీమీటరున్నర పైచిలుకు. అప్పుడు అంకె కాస్త మసకబారినా పోల్చుకోవచ్చు. కాకపోతే అంత తక్కువ సమయంలో లోపలికి వచ్చే వెలుతురు కూడా ముప్ఫయ్యో వంతుకు పడిపోతుంది. ఉన్న కాస్త వెలుగునూ పారబోయకుండా పట్టుకోగల సెన్సర్ కావాలన్నమాట.

చూరు కింద గిన్నెలు

సెన్సర్ అంటే గోటి వెడల్పు సిలికాన్ ముక్క. దానిమీద లక్షల సంఖ్యలో వెలుగును పట్టే గుంటలుంటాయి. వాటినే పిక్సెళ్లంటాం. వాన కురిసేటప్పుడు చూరు కింద గిన్నెలు పెట్టినట్టు, ఒక్కో గుంటలో పడ్డ వెలుగు విద్యుదావేశంగా మారి నిలవ ఉంటుంది. ఏ గిన్నెలో ఎంత చేరిందో కొలిస్తే బొమ్మ తయారు. ఈ ఊహకు రూపమిచ్చింది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్. 1969లో వాళ్లు కనిపెట్టిన సీసీడీకి 2009లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఇప్పుడు ఫోన్లలో, డ్యాష్‌క్యామ్‌లలో ఉండేవి దాని తర్వాతి తరం సీమోస్ సెన్సర్లు. 1990ల్లో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం అంతరిక్ష నౌకల కోసం చేసిన పని వాటికి పునాది.

అసలు మోసం మెగాపిక్సెళ్ల దగ్గర ఉంది. సెన్సర్ సైజు పెంచకుండా పిక్సెళ్లు పెంచడమంటే అదే వాకిట్లో పెద్ద గిన్నెలు తీసేసి ఉగ్గుగిన్నెలు పరవడమే. చాలా ఏళ్లుగా డ్యాష్‌క్యామ్‌లలో వాడుతున్న సోనీ ఐఎంఎక్స్ 307 సెన్సర్‌లో 20 లక్షల పిక్సెళ్లుంటాయి. ఒక్కోటి 2.9 మైక్రాన్లు. తర్వాత 4కె మోజు మొదలయ్యాక వచ్చిన ఐఎంఎక్స్ 415లో 80 లక్షలు. సెన్సర్ సైజు మాత్రం దాదాపు అదే! ఒక్కో పిక్సెల్ పక్క కొలత 1.45 మైక్రాన్లకు తగ్గింది. అంటే ఒక్కోదానిలో పడే వెలుగు నాలుగో వంతు. పగలు అద్భుతంగా తీసే 4కె కెమెరా రాత్రి చతికిలబడిందని కొన్నవాళ్లు వాపోయారంటే తప్పు వాళ్ల కళ్లది కాదు.

పందిరి కిందికి దిగింది

పాత సెన్సర్లలో ఇంకో చిక్కుండేది. వెలుగు పట్టే గుంటల మీదుగా దొండపందిరిలా సన్నటి లోహపు తీగలు అల్లి ఉండేవి. వచ్చిన వెలుగులో కొంత వాటికి తగిలి వృథా అయ్యేది. ఇంజినీర్లు ఏం చేశారంటే, ముక్కను తిరగేసి వీపును పలచగా అరగదీశారు. వెలుగు వీపు వైపు నుంచి నేరుగా గుంటలోకి పడుతుంది, తీగలు అడుగుకు పోతాయి. దీన్నే బ్యాక్ ఇల్యూమినేటెడ్ సెన్సర్ అంటారు. వినడానికి తేలికే. అంత పలచని సిలికాన్‌ను పగలకుండా, గీత పడకుండా లక్షల్లో తయారుచేయడం మాత్రం గగనమైంది. సోనీ 2009లో దీన్ని మామూలు వీడియో కెమెరాల్లోకి తెచ్చింది. తర్వాత నిఘా కెమెరాల కోసం రాత్రి చూపు పెంచి ‘స్టార్‌విస్’ అని పేరు పెట్టింది. డ్యాష్‌క్యామ్‌లూ దాన్నే అందిపుచ్చుకున్నాయి.

దాని తర్వాతి తరం ‘స్టార్‌విస్ 2’ 2021లో మొదలైంది. దానిలోని ఐఎంఎక్స్ 678లో పిక్సెళ్లు 80 లక్షలే అయినా సెన్సర్ పెద్దది. పిక్సెల్ 2 మైక్రాన్లు, అంటే 415తో పోలిస్తే వైశాల్యం దాదాపు రెట్టింపు. మంచి 4కె డ్యాష్‌క్యామ్‌ల ప్రకటనల్లో ఈ మధ్య ఈ నంబరే కనిపిస్తోంది.

తెల్లకాగితంలా పలక

వెలుగు తక్కువైతే ఒక కష్టం, ఎక్కువైతే మరో కష్టం. 2019 ఏప్రిల్ నుంచి కొత్త వాహనాలకు తప్పనిసరైన హై సెక్యూరిటీ నంబరు పలకలు తమ మీద పడ్డ వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. మన హెడ్‌లైట్ వెలుగు మళ్లీ మన కెమెరాకే వచ్చి కొడుతుంది. చుట్టూ కటిక చీకటి, మధ్యలో తెల్లకాగితంలా మెరిసే పలక! చీకటికి తగ్గట్టు సర్దుకుంటే పలక మీది అంకెలు మాయం. పలకకు తగ్గట్టు సర్దుకుంటే పక్కన నడిచే మనిషి మాయం.

దీనికి హెచ్‌డీఆర్ అనే ఉపాయం ఎప్పుడో వచ్చింది. ఒక బొమ్మ ఎక్కువసేపు, మరొకటి తక్కువసేపు తీసి రెండూ కలుపుతారు. ఆగివున్న గుడి గోపురానికైతే భేషుగ్గా ఉంటుంది. పరిగెత్తే లారీ రెండో బొమ్మకల్లా ముందుకు పోయి ఉంటుంది కదా... అంకెలు రెండేసి కనిపిస్తాయి. స్టార్‌విస్ 2లో కొన్ని సెన్సర్లు ఈ చిక్కును చక్కగా విడదీశాయి. బొమ్మ ఒక్కసారే తీస్తాయి. గిన్నెలో చేరిన వెలుగును మాత్రం రెండు రకాల కొలమానాలతో చదువుతాయి. ఒకటి చీకటి భాగాలకు, రెండోది మెరిసే భాగాలకు. ఒక్క బొమ్మలో పట్టగలిగే వెలుగునీడల తేడా పాత తరంకన్నా 8 డెసిబెళ్లు ఎక్కువని సోనీ చెబుతోంది. మామూలు లెక్కలో అది రెండున్నర రెట్లు. ఇంత మాయలోనూ ఒక మెలిక ఉంది. కెమెరా తయారీదారు ఆ సౌకర్యాన్ని సాఫ్ట్‌వేర్‌లో వాడుకుంటేనే ఫలితం. ఒకే సెన్సర్ పెట్టిన రెండు కంపెనీల కెమెరాల్లో ఒకటి నంబరు చదివి, ఇంకొకటి చదవకపోవడానికి కారణం ఇదే.

మార్జిన్ కూడా రోడ్డే!

సెన్సర్ పట్టిన బొమ్మను అర్థం చేసుకునే పనిలో మన తెలుగునేల ముందుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2018లో ‘ఇండియా డ్రైవింగ్ డేటాసెట్’ను సిద్ధం చేశారు. కారు ముందు కెమెరా పెట్టి హైదరాబాద్, బెంగళూరు దారుల్లో 182 విడతల్లో తిరిగి, 10,004 బొమ్మలు ఎంచి, ప్రతి పిక్సెల్‌కూ అది రోడ్డా, ఆటోనా, పశువా అని పేరు పెట్టారు. విదేశీ పట్టికల్లో లేని తరగతి ఒకటి ఇందులో ఉంది. తారు పక్కన బండి దిగగలిగే మట్టి నేల! కొల్లూరు దారిలో ఎదురు లారీ వస్తే మార్జిన్‌లోకి దిగడం పుట్టుకతో వచ్చిన విద్య. కంప్యూటర్‌కు మాత్రం ఎవరో ఒకరు నేర్పాలి. ఆ తర్వాత ఇదే వరుసలో వాన, పొగమంచు, చీకటి, మంచుల్లో తీసిన 5,000 జతల బొమ్మలతో మరో సంకలనం వచ్చింది. ప్రతి జతలో ఒకటి మామూలు రంగుల బొమ్మ, రెండోది మన కంటికి ఆనని పరారుణ కాంతితో తీసింది. పలచటి మంచులో ఈ రెండో కన్ను అక్కరకొస్తుంది. దట్టంగా కమ్మితే ఎంత ఖరీదైన సెన్సరైనా చేతులెత్తేయాల్సిందే. అప్పుడు బండి ఆపుకోవడమే తెలివైన పని.

కొనేముందు...

పెట్టె మీద 4కె అని ఉంటే చాలదు. చవక రకాల్లో చిన్న సెన్సర్ తీసిన బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 4కె అనిపిస్తారు. సెన్సర్ పేరు, నంబరు రాసి లేని కెమెరాను పక్కన పెట్టేయడం మేలు. రేపల్లె ఎండలో మిట్టమధ్యాహ్నం అద్దాలు బిగించి ఆపిన కారు లోపల పొయ్యిలా ఉంటుంది. ఆ వేడికి లిథియం బ్యాటరీ ఉబ్బిపోవచ్చు. అందుకే సూపర్ కెపాసిటర్ ఉన్న రకాలు మన వాతావరణానికి నయం. వేడి సెన్సర్‌కూ శత్రువే. దాదాపు ప్రతి 6 నుంచి 8 డిగ్రీలకు, వెలుగు లేకుండానే గుంటల్లో చేరే దొంగ విద్యుత్తు రెట్టింపవుతుంది. బొమ్మలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు అవే. ఇక వేల రూపాయల కెమెరా ముందు దుమ్ము పట్టిన అద్దం ఉంటే, ఎదురు లైటు పడగానే అంతా తెల్లబారిపోతుంది. ఆ లోటు తీర్చడానికి తడిగుడ్డ చాలు.

ప్రమాదం రికార్డయితే కంగారులో చాలామంది చేసే పని ఆ వీడియోను వాట్సాప్‌లో పంపడం. వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. సెన్సర్ కష్టపడి పట్టిన అంకెలు అక్కడే చెరిగిపోవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం డిజిటల్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఆ ఫైలు తాలూకు ‘హాష్’ అంకె కూడా రాయాలి. ఫైలులో ఒక్క క్షణం కత్తిరించినా ఆ అంకె మారిపోతుంది. కాబట్టి వెంటనే రికార్డింగ్ ఆపి, పాత వీడియో మీద కొత్తది పడకుండా కార్డు బయటికి తీసి, అలాగే పోలీసులకు అప్పగించి రసీదు తీసుకోవాలి. కెమెరాలో తేదీ, గంట సరిగ్గా ఉన్నాయో లేదో మాత్రం ఈరోజే చూసుకోవచ్చు.