పాస్‌పోర్టు గడువు చూసుకున్నారా? అకామా దాని మీదే ఆధారపడి ఉంది

ఈ పేజీ చదవడం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ పాస్‌పోర్టు తీసి, ఫొటో ఉన్న పేజీలో గడువు ముగిసే తేదీ ఎంతో చూడండి. పాస్‌పోర్టు మీ దగ్గర లేకపోతే ఫోన్‌లో ఉన్న ఫొటోలో చూడండి. ఫొటో కూడా లేదంటే ఈ వ్యాసం ముఖ్యంగా మీ కోసమే.

కువైత్‌లో మనవాళ్లందరికీ అకామా తేదీ నోటికి వచ్చు. పాస్‌పోర్టు తేదీ మాత్రం చాలామందికి గుర్తుండదు. పదేళ్ల పుస్తకం కదా, ఇంకా చాలా టైముందిలే అనుకుంటాం. కానీ ఇక్కడ మీ పాస్‌పోర్టు గడువు దాటి అకామా ఇవ్వరు. పాస్‌పోర్టుకు ఐదు నెలలే మిగిలి ఉంటే, కఫీల్ ఎంత మంచివాడైనా, కంపెనీ ఎంత పెద్దదైనా అకామా వచ్చేది ఆ ఐదు నెలలకే.

ఒక ఇంట్లో ఏడేళ్లుగా పనిచేస్తున్న అక్క విషయంలో ఇదే జరిగింది. ఆమె పాస్‌పోర్టు వచ్చిన రోజు నుంచీ మేడమ్ బీరువాలోనే ఉంది. అకామా రెన్యువల్ అయిందన్నారు, ఆమె నమ్మింది. నిజానికి అది పాస్‌పోర్టు గడువు వరకే అయింది. కొన్ని నెలలకు రెండూ ఒకేసారి అయిపోయాయి. ఊళ్లో తల్లికి ఒంట్లో బాగాలేదని ఫోన్ వచ్చి, టికెట్ కోసం అడిగినప్పుడు గానీ విషయం బయటపడలేదు. మేడమ్‌కు చెడు ఉద్దేశం లేదు, తేదీ ఎవరూ చూడలేదు, అంతే. పాస్‌పోర్టు వచ్చి, జరిమానా కట్టి, అకామా సరిచేసుకుని ఆమె బయలుదేరేసరికి తల్లి కన్నుమూసింది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

మన పాస్‌పోర్టును గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు ఇవ్వొచ్చు. చివరి నెల దాకా ఆగాల్సిన అవసరం లేదు. లెక్క ఇలా వేసుకోండి. మీ పాస్‌పోర్టు 2027 మార్చి 15న అయిపోతుంది. అకామా 2026 డిసెంబరు 10న అయిపోతుంది. అలాగే వదిలేస్తే డిసెంబరులో వచ్చే అకామా మూడు నెలలకే. అదే ఆగస్టులోనో సెప్టెంబరులోనో పాస్‌పోర్టు చేయించుకుంటే, డిసెంబరు నాటికి కొత్త పుస్తకం చేతిలో ఉంటుంది, అకామా పూర్తి కాలానికి వస్తుంది. కాబట్టి రెండు తేదీలూ పక్కపక్కన రాసుకోండి. అకామా తేదీకి మూడు, నాలుగు నెలల ముందు పాస్‌పోర్టు పని మొదలుపెట్టండి.

లీవులో ఊరికి వెళ్లి అక్కడ చేయించుకుందామని కొందరు అనుకుంటారు. చేయించుకోవచ్చు. కానీ పోలీసు ఎంక్వయిరీ లేటైతే మీరు అక్కడే ఇరుక్కుపోతారు. అకామా ఉన్నవాళ్లు కువైత్ బయట ఉండటానికి కూడా హద్దుంది. ఆ హద్దు దాటితే అకామా రద్దయ్యే ప్రమాదం ఉంది. వీలైతే ఇక్కడే చేయించుకుని వెళ్లడం మేలు.

ఎలా చేయించుకోవాలి?

మనం రెన్యువల్ అంటాం గానీ ఫారంలో ఉండే మాట ‘రీ-ఇష్యూ’. పాత పుస్తకానికి తేదీ పొడిగించరు, కొత్త నంబరుతో కొత్త పుస్తకం ఇస్తారు. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

ముందు విదేశాల్లో ఉన్నవారి కోసం ఉన్న పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో ఫారం నింపాలి. దాన్ని ప్రింటు తీసి, ఎంబసీ తరఫున దరఖాస్తులు తీసుకునే సెంటర్‌లో ఇవ్వాలి. కువైత్ సిటీ, జిలీబ్, ఫహాహీల్ వంటి చోట్ల ఈ సెంటర్లున్నాయి. అపాయింట్‌మెంట్ కావాలో లేదో ముందే కనుక్కుని వెళ్లండి. ఒకరోజు పని మానుకుని వెళ్లి ఉత్తచేతులతో తిరిగి రావద్దు.

వెంట తీసుకెళ్లాల్సినవి: ఒరిజినల్ పాస్‌పోర్టు, దాని మొదటి, చివరి పేజీల జిరాక్సు, సివిల్ ఐడి రెండు వైపులా జిరాక్సు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఈ మధ్య తీయించుకున్న ఫొటోలు, ప్రింటు తీసిన ఫారం. సంతకం రానివారు సిగ్గుపడాల్సిన పనిలేదు, వేలిముద్ర చెల్లుతుంది. మగవారు ఎడమ బొటనవేలు, ఆడవారు కుడి బొటనవేలు వేయాలి.

ఫారం నింపేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది మూడు చోట్ల.

మొదటిది పేరు. పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు ఎలా ఉన్నాయో అక్షరం పొల్లు పోకుండా అలాగే నింపించండి. ‘ఎలాగూ కొత్తది చేస్తున్నాం, స్పెల్లింగ్ కూడా సరిచేద్దాం’ అని టైపింగ్ షాపు అతను అంటే ఒప్పుకోకండి. పాస్‌పోర్టులో పేరు మారితే అకామాలో, సివిల్ ఐడిలో, బ్యాంకులో పేరుతో కలవదు. నిజంగానే మార్చాల్సిన తప్పుంటే దానికి ఏ కాగితాలు కావాలో ముందు సెంటర్‌లో అడిగి, అప్పుడు మొదలుపెట్టండి.

రెండోది ఊరి అడ్రసు. మీ ఫైలు మీద స్వదేశంలో పోలీసు ఎంక్వయిరీ పడొచ్చు. పోలీసులు ఇంటికి వస్తే ‘అవును, మా మనిషే, కువైత్‌లో ఉన్నాడు’ అని చెప్పేవాళ్లు ఉన్న అడ్రసే ఇవ్వండి. ఇంట్లోవాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్పండి. తాళం వేసిన ఇల్లు, అమ్మేసిన ఇల్లు రాస్తే ఫైలు ఆగిపోతుంది. జిల్లాలు కూడా మారాయి, అదీ చూసుకోండి. పాత పాస్‌పోర్టులో అమలాపురం తూర్పుగోదావరి జిల్లాలో ఉంటుంది, 2022 నుంచి అది కోనసీమ జిల్లా. 2016కు ముందు తీసుకున్నవాటిలో జగిత్యాల కరీంనగర్ జిల్లాలో ఉంటుంది, ఇప్పుడు జగిత్యాలే జిల్లా. మీ ఊరు ఇప్పుడు ఏ జిల్లా, ఏ పోలీస్ స్టేషన్ కిందికి వస్తుందో ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్నాకే రాయండి.

మూడోది డబ్బు. పాస్‌పోర్టు ఫీజుకు రసీదు ఇస్తారు, అడిగి తీసుకోండి. కొరియర్, ఫోన్‌కు మెసేజ్ లాంటివి కావాలంటేనే తీసుకునేవి. వద్దంటే వద్దని చెప్పండి. ‘నాకు లోపల తెలిసినవాళ్లున్నారు, తొందరగా చేయిస్తా’ అనే ఏజెంటుకు ఒక్క దినార్ కూడా ఇవ్వకండి.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద ‘ఈసీఆర్’ ఉంటుంది. విదేశంలో మూడేళ్లకు పైగా ఉన్నవారు దాన్ని తీసేయమని అడగవచ్చు. పాత వీసా, అకామా కాగితాలు సాక్ష్యంగా పెట్టి రీ-ఇష్యూ సమయంలోనే అడగండి.

కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వకపోతే?

ముందు ఒక విషయం గట్టిగా తెలుసుకోండి. పాస్‌పోర్టు మీ కఫీల్‌ది కాదు. 1967 నాటి మన పాస్‌పోర్టు చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి, మీ పేరున మీ చేతికి ఇచ్చింది. కువైత్ చట్టం కూడా ఇదే వైపు ఉంది. ఇళ్లల్లో పనిచేసేవారి కోసం 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం, మీకు ఇష్టం లేకుండా యజమాని మీ పాస్‌పోర్టు గానీ సివిల్ ఐడి గానీ తన దగ్గర పెట్టుకోకూడదు. షూన్ వీసా మీద కంపెనీల్లో పనిచేసేవారి పాస్‌పోర్టులు పట్టి ఉంచుకోవడం మీద కూడా 2007 నుంచే నిషేధం ఉంది.

చట్టం ఉన్నంత మాత్రాన పోట్లాట పెట్టుకోమని కాదు. మొదట మెల్లగా అడగండి. ‘మామా, పాస్‌పోర్టు గడువు అయిపోతోంది. ఇప్పుడు చేయించుకోకపోతే అకామా రాదు, మీకూ ఇబ్బందే’ అని చెప్పండి. ఇది బెదిరింపు కాదు, నిజం. అకామా లేని మనిషిని పనిలో పెట్టుకుంటే కఫీల్‌కు కూడా చిక్కే. చాలామంది ఈ మాటకే పాస్‌పోర్టు తీసిస్తారు, కొందరు కారులో సెంటర్‌కు తీసుకెళతారు కూడా.

అయినా ఇవ్వకపోతే, అడిగిన తేదీలు రాసిపెట్టుకోండి. ఫోన్ మెసేజ్‌లు చెరిపేయకండి. పాస్‌పోర్టు ఫొటో, సివిల్ ఐడి ఫొటోతో ఎంబసీ లేబర్ విభాగానికి వెళ్లండి. ఇల్లు దాటలేని పరిస్థితిలో ఉంటే ఊళ్లో మీవాళ్లు భారత విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో మీ తరఫున ఫిర్యాదు పెట్టవచ్చు. ఖాదిం వీసా వారి ఫిర్యాదులు తీసుకునే విభాగం కువైత్ మ్యాన్‌పవర్ అథారిటీలో ఉంది.

ఒక్క పని మాత్రం చేయకండి. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉందని తెలిసీ ‘పోయింది’ అని రాసివ్వకండి. పాస్‌పోర్టు కోసం అబద్ధం చెప్పడం మన చట్టంలో నేరం. ఆ సలహా ఇచ్చినవాడు కేసు వచ్చాక కనబడడు. నిజంగా పోతే పోలీసు రిపోర్టు తీసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దానికి వేరే పద్ధతి ఉంది.

ఇప్పటికే గడువు దాటిపోయి ఉంటే?

భయపడి దాక్కోవద్దు. రోజులు గడిచేకొద్దీ అకామా జరిమానా పెరుగుతుంది. అకామా పోయినా మీరు భారత పౌరులే, మీ ఎంబసీ తలుపు తట్టే హక్కు పోదు. పాత కాగితాల జిరాక్సులు ఏమున్నా పట్టుకుని వెళ్లి పరిస్థితి చెప్పండి. ఊరికి వెళ్లిపోవడమే దారి అయితే ఔట్‌పాస్ ఇస్తారు. కానీ అది ఒక్కసారి, ఇంటికి వెళ్లడానికే. దాని మీద తిరిగి రాలేరు. ఇక్కడే ఉండి పని చేసుకోవాలనుకుంటే ఔట్‌పాస్ అడగకండి, పాస్‌పోర్టే అడగండి.

కొత్త పుస్తకం చేతికి వచ్చాక

కౌంటర్ దగ్గరే నిలబడి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఊరు చదువుకోండి. చదవడం రాకపోతే పక్కనున్నవారితో చదివించుకోండి. పాత పాస్‌పోర్టు మూల కత్తిరించి తిరిగి ఇస్తారు. దాన్ని పారేయకండి. అందులో వేరే వీసా ఏదైనా ఉంటే దానికి సాక్ష్యం అదే. రెండూ కలిపి ఉంచుకోండి, ప్రయాణంలో రెండూ తీసుకెళ్లండి.

నంబరు మారిందని ముందే చెప్పుకున్నాం కదా. కాబట్టి కొత్త నంబరు అకామా రికార్డులో ఎక్కించమని కఫీల్‌కు గానీ కంపెనీ మందూబ్‌కు గానీ చెప్పండి. ఎక్కిందో లేదో వారం తర్వాత మళ్లీ అడగండి. బ్యాంకులో కూడా మార్పించండి. ముందే తీసిన టికెట్ ఉంటే అందులోనూ నంబరు సరిచేయించండి.

చివరగా కొత్త పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల ఫొటో తీసి మీ ఫోన్‌లో ఉంచుకోండి, ఇంటికి ఒకటి పంపండి. వచ్చే శుక్రవారం రూములో అందరూ ఉన్నప్పుడు ఒక కాగితం మీద ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు తేదీ, అకామా తేదీ రాసి గోడకు అంటించండి. ఏ తేదీ దగ్గరపడుతోందో ఎవరో ఒకరి కంట పడుతుంది. ఇళ్లల్లో ఒంటరిగా పనిచేసే అక్కలకు, చెల్లెళ్లకు ఆ గోడ ఉండదు. మీకు తెలిసినవారు ఉంటే ఇవాళే ఫోన్ చేసి, ‘నీ పాస్‌పోర్టు తేదీ ఎంత?’ అని అడగండి.