పదహారు గంటల ఆదివారం

మల్దకల్ మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేసే టీచరమ్మ రెండేళ్ల కిందట ఆరాధన అయ్యాక నా దగ్గరకు వచ్చి నిలబడింది. చిన్నవాడు ఆమె కొంగు పట్టుకొని లాగుతున్నాడు. "అయ్యగారూ, సారుకు మీరే ఒక మాట చెప్పాలె. వారానికి ఒక్కరోజు ఇంటికొస్తడు. ఆ ఒక్కరోజు పొద్దున కూడా పిట్టలు చూడనీకి పోతడు" అన్నది.

సారు ఆమె భర్త. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాడు. ఉద్యోగం నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ వైపు. ఇల్లు, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి గద్వాలలో. (వాళ్లను అడిగే రాస్తున్నాను. పేర్లు రాయను, ఒకటి రెండు వివరాలు మార్చాను.) అతని సరదా అంతా మెడలో వేసుకునే బైనాక్యులర్, జేబులో చిన్న నోటుబుక్కు. తెల్లవారుజామునే బండి మీద జూరాల దగ్గరికి వెళ్లి కొంగల్ని, నీటికాకుల్ని, లకుముకి పిట్టల్ని చూసి, లెక్క రాసుకొని వస్తాడు. తాగుడు లేదు, పేకాట లేదు. ఇలాంటి అలవాటు మీద ఫిర్యాదు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అయినా వచ్చింది కాబట్టి పిలిచి మాట్లాడాను. "తమ్ముడూ, కుటుంబం ముందు. ఆ పిట్టల సంగతి కొన్నాళ్లు పక్కనపెట్టు" అన్నాను. అతను తలవంచుకొని "సరే అయ్యగారూ" అన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. అది తప్పు సలహా అని తెలియడానికి మూడు నెలలు పట్టింది.

అసలు ఈ దూరం ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మన సంఘాల్లో చాలామంది "ఇద్దరూ గవర్నమెంటు టీచర్లే కదా, ఒకచోట వేయించుకోలేరా?" అని తేలిగ్గా అనేస్తారు. ఇద్దరూ మొదట ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా టీచర్లే. 2016 అక్టోబరులో ఆ జిల్లా నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడిపోయాయి, 2019లో నారాయణపేట విడిపోయింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం కొత్త జిల్లాలే ఉద్యోగుల లోకల్ కేడర్లయ్యాయి. ఉన్న ఉద్యోగుల్ని ఆ జిల్లాలకు పంచడానికి 2021 డిసెంబరు 6న జీవో 317 వచ్చింది. ఆ పంపకం సీనియారిటీ మీద జరిగింది. పైనున్నవాళ్లు కోరుకున్న జిల్లా దొరికించుకున్నారు, కిందివాళ్లకు మిగిలింది వచ్చింది. కేడరుకు ఒక జాబితా, సబ్జెక్టుకు ఒక జాబితా. భార్య ఒక జాబితాలో, భర్త ఇంకో జాబితాలో ఉంటారు. ఆమెకు గద్వాల వచ్చింది, అతనికి నాగర్‌కర్నూల్ వచ్చింది. భార్యాభర్తల కేసుల కింద దరఖాస్తులు పెట్టుకున్నవాళ్లలో కొందరికి బదిలీ దొరికింది, కొందరికి దొరకలేదు. కొత్తగా డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన పిల్లలదీ ఇదే ముడి. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ ఎక్కువ కాలం చదివారో అదే లోకల్ జిల్లా. అంటే మూడో తరగతి ఏ ఊళ్లో చదివామన్నది, పెళ్లయ్యాక ఎక్కడ కాపురం చేస్తామో నిర్ణయిస్తోంది. ఇది ఎవరి అలక్ష్యమూ కాదు. సంబంధం చూసేటప్పుడు కట్నం గురించి నోరు విప్పే పెద్దలు దీని గురించి అడగరు, అది వేరే సంగతి.

పాలమూరు మనుషులకు ఎడబాటు కొత్తదేమీ కాదు. పిల్లల్ని అవ్వతాతల దగ్గర వదిలి బొంబాయికీ, పుణెకూ, ప్రాజెక్టుల మట్టిపనికీ పోయిన కుటుంబాలు మన సంఘాల్లోనే ఎన్ని లేవు? వాళ్ల గురించి ఈ పేజీలో మేం ఎన్నిసార్లు రాశామని ఎవరైనా అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. జీతం వచ్చే టీచర్ల కష్టం ముందుగా కాగితమెక్కుతుంది.

మూడు నెలల తర్వాత ఆ టీచరమ్మ మళ్లీ కనబడింది. ఎలా ఉందమ్మా అన్నాను. "ఇంట్లనే ఉంటున్నడు అయ్యగారూ. ఫోను చూస్కుంట పండుకుంటడు. పిల్లలు నోటుబుక్కులు తెస్తే కసురుకుంటడు. మీరు ఆయన్ను ఇంట్ల కూసోబెట్టిండ్రు, అంతే" అన్నది. నాకు సిగ్గేసింది.

ఆ వారంలో ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లి ఆమెతోనూ అత్తగారితోనూ కూర్చున్నాను. ఆదివారం అతను ఊళ్లో ఉండగా ముగ్గురితో కలిసి కూర్చున్నాను. మొదటిసారి సలహా చెప్పకముందే చేయవలసిన పని అది. ఒక కాగితం తీసుకొని అతని వారాంతం లెక్క వేశాం. శనివారం సాయంత్రం బడి వదిలాక అచ్చంపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి మీదుగా బస్సులు మారి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి పన్నెండు. ఆదివారం సాయంత్రం నాలుగుకు మళ్లీ బస్సెక్కాలి. మొత్తం పదహారు గంటలు. నిద్ర అయిదు గంటలు. జూరాలకు పోయిరావడం మూడున్నర గంటలు. తొమ్మిదిన్నరకు గుడికి వస్తే ఆరాధన, సండే స్కూల్ లెక్కలు, ఆ తర్వాత కమిటీ, ఇంటికెళ్లేసరికి ఒంటిగంటన్నర. నాలుగు గంటలు. ఇంటికి మిగిలింది మూడున్నర గంటలు, అందులోనే భోజనం, బ్యాగు సర్దుకోవడం.

పిట్టలకు మూడున్నర గంటలు, నాకు నాలుగు గంటలు. నేను పిట్టల్ని మానేయమన్నాను.

ఆ కాగితం వెనకవైపు ఆమె వారం రాశాం. పొద్దున వంట, పిల్లల్ని బడికి పంపడం, ఊళ్లోంచి మల్దకల్ వైపు బస్సు, బడి, తిరిగొచ్చి మళ్లీ వంట, అత్తగారి మందులు, హోంవర్కులు. మన ప్రాంతంలో బడి అంటే బడి ఒక్కటే కాదు. గద్వాల, మల్దకల్, అయిజ పొలాల్లో సీడ్ పత్తి సాగు ఎక్కువ. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా క్రాసింగ్ పని నడుస్తుంది. మధ్యాహ్నం మొగ్గలు విప్పి పుప్పొడి తిత్తులు తీసేయాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి అద్దాలి. అంతా చేత్తో చేసే పని, చిన్న వేళ్లను వెతుక్కునే పని. ఆ నెలల్లో హాజరు పట్టీలో ఖాళీలు పడతాయి. టీచర్లు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని వెనక్కి పిలుచుకోవాలి. ఆమె నా దగ్గరకు మొదటిసారి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ కాగితంలో ఆమె కోసం ఆమెకు మిగిలిన గంట ఎక్కడా లేదు. "నీకేం ఇష్టం అమ్మా?" అని అడిగితే కాసేపు ఆలోచించింది. టీటీసీ చదివే రోజుల్లో త్రోబాల్ బాగా ఆడేదట. పెళ్లయ్యాక బంతి పట్టుకోలేదు.

అప్పుడు నాకు ఫిర్యాదు అర్థమైంది. ఆమెకు పిట్టల మీద కోపం లేదు. తనకు లేనిది అతనికి ఉండటం మీద, అదీ తనను అడగకుండా ఉండటం మీద కోపం.

మొదటి కొరింథీ పత్రిక ఏడవ అధ్యాయం, అయిదవ వచనం మనకు తెలిసిందే, పెళ్లి కౌన్సెలింగుల్లో చెబుతుంటాం. దంపతులు కొంతకాలం ఎడంగా ఉండటానికి పౌలు ఒప్పుకున్నాడు, కానీ ఇద్దరి సమ్మతి ఉండాలన్నాడు, గడువు ఉండాలన్నాడు, ఆ తర్వాత మళ్లీ కలవాలన్నాడు. అక్కడ అతను మాట్లాడుతున్నది ప్రార్థన కోసం దూరంగా ఉండటం గురించి. ప్రార్థనకే భార్య సమ్మతి కావాలంటే, పిట్టలకు అక్కర్లేదా? పిట్టలకు కావాలంటే, నా సంఘ కమిటీకి అక్కర్లేదా? సెమినరీలో ఈ వచనం మీద వ్యాసం రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, ఇన్నేళ్లు దీన్ని ఒకవైపు నుంచే చదివాను.

నిర్గమకాండం 18లోని వరుస కూడా అప్పుడే నా కంటబడింది. మోషే భార్య సిప్పోరా, ఇద్దరు కొడుకులు అప్పటికి పుట్టింట్లో ఉన్నారు. మామ యిత్రో వాళ్లను వెంటబెట్టుకొని అరణ్యంలోకి వచ్చాడు. ఆ అధ్యాయం మీద మనం చేసే ప్రసంగాలన్నీ పని పంచుకోవడం మీదే, వెయ్యిమందికి ఒకడు, వందమందికి ఒకడు అంటూ. అది మర్నాటి సంగతి. ముందురోజు యిత్రో చేసిన పని భార్యాబిడ్డల్ని తెచ్చి భర్త దగ్గర చేర్చడం. మర్నాడు అల్లుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం తగవులు తీర్చడం చూశాకే, ఇది మంచి పద్ధతి కాదన్నాడు. కుటుంబాన్ని తెచ్చి అప్పగించి, పనిభారం సంగతి పట్టించుకోకుండా వెళ్లిపోలేదు. నేను రెండింటిలో ఏదీ చేయకుండా ఒక సరదాను మాత్రం తీసేయించాను.

ఆరుబయట తిరిగే సరదాల పట్ల మన సంఘాల్లో ఒక అనుమానం ఉంది. క్రికెట్టు, ఈత, సైకిలు, నల్లమల నడక, ఏదైనా సరే, ఆదివారం పూట అయితే మరీను. లండన్‌లో కాపరిగా పనిచేసిన జాన్ స్టాట్ జీవితమంతా పక్షుల్ని చూశాడు, ఏ దేశం వెళ్లినా బైనాక్యులర్ తీసుకెళ్లేవాడు, పక్షుల మీద 1999లో ఒక పుస్తకం కూడా రాశాడు. ఈ మాట మా సారుకు ధైర్యంగా ఉంటుందని చెప్పాను. అయితే స్టాట్ పెళ్లి చేసుకోలేదు. పొద్దున్నే ఎక్కడికని అడిగేవాళ్లు ఇంట్లో లేరు. ఆ సంగతి టీచరమ్మే గుర్తుచేసింది.

చివరికి వాళ్లిద్దరే ఒక ఏర్పాటు చేసుకున్నారు. నెలలో రెండు ఆదివారాలు అతను నదికి పోడు. ఆ రెండు పొద్దుటిపూటలు పిల్లలు, అత్తగారు, టిఫిన్ అతని బాధ్యత. ఆమె తన బడి తోటి టీచర్లు నలుగురితో కలిసి గ్రౌండుకు పోతుంది. త్రోబాల్ ఇంకా మొదలవలేదు, ప్రస్తుతానికి నడుస్తూ మాట్లాడుకుంటున్నారు. మిగతా రెండు ఆదివారాల్లో ఒకటి అతను ఒక్కడే వెళ్తాడు. ఇంకొకటి పెద్దపిల్లను వెంట తీసుకెళ్తాడు. ఆ అమ్మాయి ఇప్పుడు పాలపిట్టను తీగ మీద దూరం నుంచే గుర్తుపడుతుంది. వారం మధ్యలో అమ్రాబాద్‌లో సాయంత్రాలు అతనివే, పేపర్లు దిద్దడమూ పిట్టలూ అక్కడే ముగించుకొని రావాలి. రాత్రి ఫోన్లో మొదటి పది నిమిషాలు పిల్లల చదువు మాట ఎత్తకూడదు. ఇది ఆమె పెట్టిన షరతు. దసరా సెలవుల్లో అందరూ కలిసి అతని గదికి పోయి వారం ఉండి వచ్చారు. మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 90 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. దాన్ని పదో తరగతి పరీక్షల కోసమే దాచుకోకుండా కొంత ఇలా కూడా వాడుకోవచ్చని ఆమె లెక్కవేస్తోంది.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. వానాకాలంలో బస్సు తప్పిపోయి అతను రాని వారాలున్నాయి. చిన్నవాడికి జ్వరం వచ్చిన రాత్రి ఆమె ఒక్కతే ఆటో పట్టుకొని ఆసుపత్రికి పోయింది. ఆ రాత్రికి ఏ ఏర్పాటూ పనికిరాలేదు. బదిలీ దరఖాస్తు అలాగే ఉంది.

సంఘం వైపు నుంచి మేం చేసింది చిన్నదే. మా కమిటీ సమావేశం రెండో శనివారం సాయంత్రం కూడా ఉండేది. టీచర్లకు రెండో శనివారం సెలవు. దూరంగా పనిచేసేవాళ్లు శుక్రవారం రాత్రే ఇల్లు చేరే నెలకొక్క అవకాశం అది. దాన్నే మేం తీసుకుంటున్నాం. ఆ సమావేశాన్ని బుధవారం ప్రార్థన తర్వాతకు మార్చాం, ఆదివారం కమిటీని ఎత్తేశాం. ఇద్దరు పెద్దలు అభ్యంతరం చెప్పారు, చదువుకున్నవాళ్లు లేకపోతే లెక్కలు ఎవరు రాస్తారన్నారు. సారు పేరు కమిటీలోంచి తీసేయమని నేనే ప్రతిపాదించాను. సండే స్కూల్ లెక్కల పుస్తకం ఇప్పుడు ఇంకొక సహోదరుడు రాస్తున్నాడు. ఇప్పటికి రెండుసార్లు కూడిక తప్పింది, రెండుసార్లూ టీచరమ్మే చూసి సరిచేసింది.