చందమామను చూపించినప్పుడు

శ్రీరంగాపూర్‌లో రంగనాయకస్వామి గుడిని ఆనుకునే రంగసముద్రం ఉంటుంది. పున్నమి పూట పొద్దుగూకేసరికి పైన ఒక చందమామ, నీళ్ళలో ఇంకో చందమామ. గట్టు మీద కూర్చుని చంటివాడికి పెరుగన్నం పెట్టే తల్లి వేలు పైకెత్తి "అగో, చందమామ" అంటుంది. వాడు ముందు ఆ వేలు చూస్తాడు. వేలు వెంట ఆకాశంలోకి చూస్తాడు. మళ్ళీ తల్లి ముఖంలోకి చూస్తాడు, నువ్వు చూసిందే నేనూ చూశానన్నట్టు.

ఈ మూడు చూపులనూ కలిపి మానసిక శాస్త్రంలో ఉమ్మడి దృష్టి అంటారు. ఆ పేరు తెలియకుండానే మన అమ్మమ్మలు గోరుముద్దలతో పాటు ఆ పరీక్షా పెడుతూ వచ్చారు. ఏడాది నిండేసరికి చాలామంది పిల్లలు చూపించిన వైపు చూస్తారు. ఇంకో రెండు మూడు నెలలకు తామే వేలు పెట్టి కుక్కనో బస్సునో చూపిస్తారు. ఆటిజం ఉన్న పిల్లల్లో తరచుగా మొదటి తేడా ఇక్కడే కనిపిస్తుంది. మాటల సంగతి ఆ తర్వాత.

ఇంట్లోవాళ్ళు మాత్రం మాట కోసమే ఎదురుచూస్తారు. రెండేళ్ళు దాటినా పిల్లాడు పలకడం లేదని కోడలు దిగులు పడితే, "వాని నాయన గూడ నాలుగేండ్లకు మాట్లాడిండు బిడ్డా, పరేషాన్ గాకు" అంటుంది అత్త. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆలస్యంగా మాట్లాడి, తర్వాత అందరితో సమానంగా వచ్చే పిల్లలు చాలామందే ఉంటారు. కానీ అలాంటి పిల్లాడు మాట లేకపోయినా ఊరుకోడు. వేలు చూపిస్తాడు, కొంగు పట్టి లాగుతాడు, కళ్ళతోనే తగాదా పెట్టుకుంటాడు. ఆటిజం ఉన్న పిల్లాడు బిస్కెట్లు కావాలంటే తల్లి మణికట్టు పట్టుకుని తీసుకెళ్ళి డబ్బా మూత మీద ఆమె చెయ్యి పెట్టవచ్చు, ఆమె ముఖం వైపు ఒక్కసారైనా చూడకుండా. పేరు పెట్టి పదిసార్లు పిలిచినా పలకడు, పక్క గదిలో ప్యాకెట్ చప్పుడైతే పరుగెత్తుకొస్తాడు. దాంతో చెవుడు కాదు, మొండితనమని తేల్చేస్తారు. ఏమైనా ముందు చెవి పరీక్ష చేయించాల్సిందే. కొంచెం కొంచెం వినిపించే పిల్లలూ ఉంటారు.

సైకిల్‌ను బోర్లించి చక్రం తిప్పుతూ గంటసేపు కూర్చోవడం, రోజూ వెళ్ళే దారి మారిస్తే గగ్గోలు పెట్టడం, మిక్సీ మోతకు చెవులు మూసుకోవడం, టీవీలో విన్న ప్రకటనను అదే గొంతుతో అప్పజెప్పడం కూడా ఆటిజం లక్షణాలే. అన్నీ ఒకే పిల్లాడిలో ఉండవు. ఒకరికి మాటే రాదు. ఇంకొకరు గడగడా మాట్లాడతారు, ఎదుటివాడికి విసుగొచ్చిందని మాత్రం పోల్చుకోలేరు. అందుకే వైద్యులు దీన్ని ఒక్క రోగంగా లెక్కగట్టక స్పెక్ట్రమ్ అంటున్నారు. ఆడపిల్లల్లో ఇది తరచుగా కంటపడదు. నెమ్మదస్తురాలని మెచ్చుకుని వదిలేస్తాం.

1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. ఆ తర్వాత జరిగింది చెప్పుకోవడానికే సిగ్గుచేటు. తల్లి ప్రేమగా చూడకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారనే వాదం దాదాపు రెండు దశాబ్దాలు పెత్తనం చేసింది. శాస్త్రం దాన్ని ఎప్పుడో పక్కన పెట్టింది. మన ఇళ్ళల్లో ఇంకా పెట్టలేదు. ఇప్పుడు తల్లి మీద వేసే నింద సెల్‌ఫోన్. గంటల తరబడి ఫోన్ చూపించడం ఏ పిల్లాడికీ మంచిది కాదు, కానీ ఆటిజం దానివల్ల పుట్టదు. దీని మూలాలు చాలావరకు జన్యువుల్లో ఉంటాయి, మెదడు ఎదుగుదల తీరు పుట్టక ముందే మారడం మొదలవుతుంది. టీకాలనూ ఇలాగే అనుమానించారు. 1998లో లాన్సెట్ పత్రికలో ఆ అనుమానాన్ని లేపిన వ్యాసాన్ని 2010లో ఆ పత్రికే వెనక్కి తీసుకుంది. ఏడాదిన్నర వయసులో టీకా పడుతుంది, ఈ లక్షణాలు కళ్ళబడేదీ ఆ ఈడులోనే. ఆ రెండింటికీ ఉన్న చుట్టరికం అంతే.

ఇదేమీ పట్నం జబ్బు కాదు. హైదరాబాద్ సహా దేశంలో ఐదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల మీద జరిగిన పరిశీలన 2018లో వెలువడింది. దాని ప్రకారం నూటికి ఒకరు అటూఇటూగా ఆటిజం ఉన్నవాళ్ళే.

దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగూ లేదు. పిల్లాణ్ణి గమనించాలి, పెంచినవాళ్ళను అడగాలి. శ్రీరంగాపూర్ లాంటి పాలమూరు ఊళ్ళలో చిక్కంతా ఇక్కడే వస్తుంది. అమ్మానాన్న పూణేలోనో ముంబైలోనో పనిలో ఉంటారు, పిల్లాడు అవ్వ దగ్గర ఉంటాడు. ఏడాది వయసులో వేలు చూపించేవాడా అని డాక్టర్ అడిగితే అవ్వకు ఏం తెలుస్తుంది? అప్పుడు వాడు తల్లితో పాటు తట్టలు మోసే చోట ఉన్నాడు.

ఆటిజాన్ని తేల్చడానికి మన దగ్గర వాడే కొలబద్ద తయారైంది సికింద్రాబాద్‌లోనే. 1984లో మనోవికాస్ నగర్‌లో మొదలైన మానసిక వికలాంగుల జాతీయ సంస్థ, ఇప్పుడు నీపిడ్ అంటున్నాం, 40 అంశాలతో దాన్ని రూపొందించింది. 70 కన్నా తక్కువ వస్తే ఆటిజం లేనట్టు, 153 దాటితే తీవ్రంగా ఉన్నట్టు. శ్రీరంగాపూర్ నుంచి అక్కడికి 150 కిలోమీటర్ల పైమాటే. పోయిరావడమంటే రెండు రోజుల కూలి పోయినట్టే. కాబట్టి మొదటి మెట్టు అంగన్‌వాడీ. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. టీచరమ్మకు ముందే చెప్పి ఆ రోజు పిల్లాణ్ణి చూపించాలి. బడి ఈడు పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదీ ఒకటి. ధ్రువపత్రం చేతికొస్తే నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు వస్తాయి. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. ఉందని లక్షలు గుంజేవాళ్ళు మాత్రం ఉన్నారు.

నిర్ధారణ అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ నిపుణులు కాని మామూలు కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇళ్ళకు పంపారు. తల్లీబిడ్డలు ఆడుకుంటుంటే వీడియో తీసి, ఆ తల్లికే చూపించి మాట్లాడేవారు. పిల్లాడు చూపు కలిపిన ఆ ఒక్క క్షణం దగ్గర ఆపి, ఇదిగో ఇక్కడ నువ్వు ఆగావు, వాడు నీవైపు తిరిగాడు అనేవారు. పిల్లలు తమంత తాము తల్లిని కదిలించడం పెరిగిందని 2016లో ఫలితాలు వచ్చాయి. తెలుగు మానేసి ఇంగ్లీషొక్కటే మాట్లాడమని కొన్ని చోట్ల సలహా ఇస్తుంటారు. అది వినకండి. రెండు భాషలు చెవిన పడితే ఆటిజం పెరగదు. తల్లికి రాని భాషలో ముద్దు చేయడం మాత్రం కష్టం.

చెరువున్న ఊళ్ళో ఇంకో జాగ్రత్త ఉంది. ఈ పిల్లల్లో చాలామంది చెప్పాపెట్టకుండా ఇల్లు దాటి వెళ్ళిపోతారు, నీళ్ళంటే ప్రాణం పెట్టేవాళ్ళూ ఎక్కువే. తలుపుకు అందనంత ఎత్తులో గడియ, జేబులో ఫోన్ నంబరు, ఇరుగుపొరుగుకు ముందే ఒక మాట. వీలైతే ఈత.

రంగనాయకస్వామి రథోత్సవం నాటి డప్పులను, జనం గోలను ఇలాంటి పిల్లాడి చెవులు తట్టుకోలేవు. జాతర సద్దుమణిగాక ఏ మధ్యాహ్నమో తీసుకెళ్ళవచ్చు. గట్టు మీద వాడి చెయ్యి వదలకుండా కూర్చుంటే, వాడు గోపురం వైపు చూడడు. నీటి మీద మెరిసే ఎండనే చూస్తుంటాడు. తల్లి ఈసారి చందమామ కోసం వెతకక వాడు చూస్తున్న వైపే వేలు చాపి "నీళ్ళు" అంటుంది, ఆగుతుంది, ఇంకాసేపు ఆగుతుంది.