షిఫ్టులు చూసుకుని వీఆర్ పార్టీ!

మంచిర్యాలలో నలుగురం కలవాలంటే ముందు చూసేది షిఫ్టే. మా బావది ఫస్ట్ షిఫ్ట్, తమ్ముడిది నైట్. మిగిలింది ఆదివారం. ప్లేడే డ్యూటీ పడితే అదీ పాయె! దొరికిన ఆ ఒక్క పూట లైన్లో నిలబడటానికే సరిపోకూడదు.

అందుకే వీఆర్ గేమ్స్ బుక్ చేసే ముందు నేను అడిగేది ఒక్కటే: హెడ్‌సెట్లు ఎన్ని? పదిమందికి రెండే ఉంటే, తలా 10 నిమిషాలు ఆడినా ఒక్క రౌండుకు 50 నిమిషాలు. తుడవడం, పెట్టుకోవడం కలిపితే గంట పైనే. రెండు గంటలు తీసుకోండి. ఆట టీవీలో కనిపించేలా పెట్టమనండి, చూసేవాళ్లకూ సందడే.

మెటా తన హెడ్‌సెట్లకు పెట్టిన కనీస వయసు పదేళ్లు. మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగాల్సిందే.

కళ్లకు కదులుతున్నట్టు, ఒంటికి కదలనట్టు ఉంటే తల తిరుగుతుంది. కాబట్టి రోలర్ కోస్టర్‌తో మొదలుపెట్టకండి. ఉన్నచోటే నిలబడి ఆడే బీట్ సేబర్ లాంటివి మేలు. బిర్యానీ ఆట అయ్యాకే!

టైమ్ మాత్రం సాయంత్రం పెట్టండి. నైట్ షిఫ్ట్ చేసి బాయి నుంచి వచ్చినోళ్లు కంటినిండా పడుకుంటేనే ఆటలో ఉత్సాహం.