నదిపై కౌలు, చేపపై హక్కు

హక్కు, కౌలు అను రెండు మాటలును అరబీ భాష నుండి పారసీ, ఉర్దూల మీదుగా తెలుగునకు వచ్చినవే. కౌలు అనగా మూలమున ‘ఇచ్చిన మాట’ అని అర్థము. పొలము కౌలుకిచ్చు రైతు ఈ అర్థమును ఎరుగకున్నను, గడువు తీరిన కౌలును తిరిగి వ్రాయించుకొనవలెనను సంగతిని మాత్రము మరువడు. అమెరికాలోని క్లామత్ నదిపై నడచిన సుదీర్ఘ వివాదమును మన విద్యార్థులకు తెలుపబూనినప్పుడు మాకు ఈ రెండు మాటలే ఆధారముగా తోచినవి.

క్లామత్ నది ఆరెగన్ రాష్ట్రపు దక్షిణ భాగమున పుట్టి, ఉత్తర కాలిఫోర్నియా కొండల గుండా సుమారు 410 కిలోమీటర్లు ప్రవహించి పసిఫిక్ మహాసముద్రమున కలియును. సాల్మన్ చేప ఈ నది వాగులలో పుట్టి, సముద్రమున పెరిగి, గుడ్లు పెట్టుటకు తిరిగి ఏటికి ఎదురీదుచు పుట్టినచోటికి వచ్చును. మన గోదావరి పులస కూడ వరదనీటికి ఎదురెక్కునదే. అయితే ఇచ్చటి చినూక్ సాల్మన్ గుడ్లు పెట్టిన పిమ్మట మరణించును. త్రోవకు అడ్డుకట్ట పడినచో దానికి మరియొక అవకాశము లేదు.

నది దిగువన యూరోక్, కారుక్ మొదలగు ఆదివాసులకును, ఎగువన క్లామత్, మోడాక్ మొదలగు వారికిని ఈ చేపయే ఆహారము, వర్తకము, పండుగ. 1864 అక్టోబరులో ఎగువ జాతులవారు రెండు కోట్ల ఎకరములకు పైగా భూమిని అమెరికా ప్రభుత్వమునకు వదలుకొని, తమకు మిగిలిన రిజర్వేషనులో చేపలు పట్టు హక్కును ఒడంబడికలో వ్రాయించుకొనిరి. (రిజర్వేషన్ అనగా ఇచ్చట ఉద్యోగములలోని కేటాయింపు కాదు, ఆదివాసులకై విడిచిన భూభాగము.) దిగువన యూరోక్‌లకు హక్కు న్యాయస్థానములో నిలిచినది. 1969లో రాష్ట్రాధికారులు ఒక యూరోక్ జాలరి వలలను జప్తుచేయగా, ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయి, ఆ భూమి నేటికిని రిజర్వేషనే అని 1973లో తీర్పు వచ్చినది.

కాగితముపై హక్కు భద్రముగానే ఉన్నది. చేప ఏది? 1918లో పూర్తియైన కాప్కో ఆనకట్ట మొదలు 1960 దశకములో కట్టిన ఐరన్ గేట్ వరకు నాలుగు జలవిద్యుత్ కట్టడములు నదికి అడ్డముగా లేచినవి. ఐరన్ గేట్ వద్ద సాల్మన్ పైకెక్కు మార్గమే లేదు. ఎగువవారు దాదాపు నూరేండ్లు చేపలేని హక్కును అనుభవించిరి! పైగా జలాశయములలో నిలిచిన వెచ్చని నీటిలో విషపు నాచు పెరిగెను. 2002 సెప్టెంబరులో దిగువ నదిలో కనీసము 34,000 చేపలు రోగమున చచ్చి తేలినవి. కరవుకాలమున ఎగువ పొలములకు నీరు మళ్లింపగా ప్రవాహము తగ్గి, నీరు వేడెక్కుట దానికి ముఖ్యకారణము. ఈ నేరమును విద్యుత్ కంపెనీపై మాత్రమే మోపుట న్యాయము కాదు. ముందటి యేడు నీరందక పైరు పోగొట్టుకొన్న రైతులును బాధితులే.

ఇక కౌలు సంగతి. 1920 నాటి చట్టము ప్రకారము విద్యుత్ కంపెనీకి నదిపై శాశ్వతాధికారము లేదు. లైసెన్సు గరిష్ఠముగా 50 సంవత్సరములకే. గడువు ముగియగనే పాత లెక్కలన్నియు తిరగదోడవలెను; చేపలకు దారి కల్పింపుడని ఆజ్ఞాపించు అధికారము ప్రభుత్వ శాఖలకు కలదు. క్లామత్ ఆనకట్టల లైసెన్సు 1956లో మొదలై 2006లో ముగిసెను. కంపెనీ పునరుద్ధరణకు 2004లోనే దరఖాస్తు పెట్టెను. అదే యేట ఆదివాసులు కొందరు కంపెనీ యజమానులను నిలదీయుటకు స్కాట్లాండ్ వరకు ప్రయాణమై పోయిరి. యాజమాన్యము చేతులు మారిన పిదప ఒమాహా నగరమునకును పోయిరి.

తుదకు 2007లో ప్రభుత్వ శాఖలు చేపల నిచ్చెనలు కట్టవలెనని విధించెను. అప్పుడు లెక్క తారుమారైనది. ఆ నాలుగు కట్టడముల శక్తి అంతయు సుమారు 160 మెగావాట్లు, కంపెనీ మొత్తము విద్యుత్తులో నూటికి రెండు పాళ్లకు లోపు. అవి సాగునీటికై కట్టినవి కావు. నిచ్చెనలు కట్టుటకంటె ఆనకట్టలు కూల్చుటయే చౌక యని తేలినది! కంపెనీ మనసు మార్చినది జాలి కాదు, జమాఖర్చు. అయితే ఆ ఖాతా పుస్తకమును తెరిపించినది మాత్రము ఆదివాసుల పట్టుదలయే యని మా అభిప్రాయము.

2010లో ఒప్పందము కుదిరినను పార్లమెంటు ఆమోదము లభింపలేదు. 2016లో దానిని సవరించిరి. సుమారు 45 కోట్ల డాలర్ల నిధిలో 20 కోట్లు విద్యుత్ వినియోగదారులు, మిగిలినది కాలిఫోర్నియా రాష్ట్రము భరించిరి. ఈలోగా కంపెనీ ఏటికేడు తాత్కాలిక లైసెన్సుపై విద్యుత్తు తీయుచునే యుండెను. 2022 నవంబరులో కేంద్ర ఇంధన నియంత్రణ సంఘము తుది అనుమతి నిచ్చెను. 2023లో ఒక ఆనకట్టయు, 2024లో మిగిలిన మూడును నేలమట్టమైనవి. ఎగువన సాగునీటితో ముడిపడిన చిన్న కట్టలు రెండు ఇంకను ఉన్నవి. నీటి తగవు తీరలేదు.

2024 అక్టోబరు నడుమ, కూల్చిన నాలుగు ఆనకట్టలకును పైన, ఆరెగన్‌లోని స్పెన్సర్ వాగులో చినూక్ సాల్మన్‌ను అధికారులు గుర్తించిరి. ఒడంబడిక కుదిరి అప్పటికి సరిగా 160 సంవత్సరములు.