నీవు చేసే పని ఏమిటి?

చార్మినార్ పక్కన లాడ్ బజారులో లక్క గాజులు మీరు చూసే ఉంటారు. అవి తయారయ్యే గదులను చూసినవారు మాత్రం తక్కువ. పాతబస్తీ ఇరుకు సందుల్లో, చిన్న గదుల్లో, బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరచి, గాజుగా వంచి, అది గట్టిపడేలోగా రాళ్ళు పొదుగుతారు.

అలాంటి గదిలో పనిచేసే కుర్రవాడొకడు తలనొప్పితో వైద్యుడి దగ్గరకు వచ్చాడనుకుందాం. మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. మర్నాడు మళ్ళీ మొదలు! ఎందువల్ల? గాలి చాలని చోట బొగ్గు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగూ లేదు, వాసనా లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే ఈ వాయువును 200 రెట్లకు మించి గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు శరీరానికి ఆక్సిజన్ అందేదెలా? తల నొప్పి పెడుతుంది, కడుపులో తిప్పుతుంది. పని లేని రోజున అంతా మాయం. ఈ ఆచూకీ నాడి చూస్తే దొరకదు. "నీవు చేసే పని ఏమిటి?" అని అడగాలి. రోగిని ఈ ప్రశ్న తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే రాశాడు.

అడిగి మందిస్తే మేలు ఒక్కరికే. అదే గదిలో మిగిలినవారి మాటో? అందుకే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 89వ సెక్షన్‌లో, వైద్యుడికి ఒక పని అప్పగించింది. జాబితాలోని జబ్బు కనిపిస్తే రోగి పేరు, జబ్బు పేరు, ఫ్యాక్టరీ చిరునామా రాసి ప్రధాన ఇన్‌స్పెక్టరుకు వెంటనే పంపాలి. జాబితాలో మొదటిది సీసపు విషం. కార్బన్ మోనాక్సైడ్ విషమూ అందులో ఉంది. ఒకే చిరునామాతో మూడు ఉత్తరాలు వచ్చాయంటే ఇన్‌స్పెక్టరు వెళ్ళి చూడవలసింది రోగిని కాదు, గదిని! ఇంగ్లండులో 1895 నుంచి సీసపు విషాన్ని ఇలాగే లెక్కించారు. 1900లో వెయ్యికి పైగా కేసులు తేలాయి. ఏ పనుల్లో ఎక్కువో తెలిశాక జాగ్రత్తలు పెంచారు, కేసులు తగ్గుతూ వచ్చాయి.

2020 నాటి కొత్త చట్టంలోనూ వైద్యుడికి ఈ బాధ్యత ఉంది. చిక్కల్లా ఒకటే. విద్యుత్తు వాడని కార్ఖానాలో 20 మంది పనివారుంటేనే పాత చట్టం దాన్ని ఫ్యాక్టరీగా లెక్కించేది. కొత్త చట్టం కూడా సాధారణంగా 10 మంది ఉన్నచోటే వర్తిస్తుంది. మన కుర్రవాడి గదిలో ఉన్నది ఆరుగురే అయితే?

2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు వందలమంది బాలలను విడిపించారు. చాలామంది బీహారు నుంచి వచ్చినవారు. మీ ఈడువారు, మీకంటే చిన్నవారు. వారికి తలనొప్పి వచ్చినా, ఆ సంగతి ఇన్‌స్పెక్టరు బల్ల మీదికి చేరే దారి ఏదీ?